హోస్కీ మామ మోకాలు

హోస్కీ అట్టకాయ్ గురించి చెప్పాలంటే ముందు ఆయన మోకాలి గురించి చెప్పాలి. ఎక్కడికి వెళ్లినా ముందు అదే వచ్చేది, దాని వెనకాల ఆయన వచ్చేవాడు. ఎదురుపడ్డ మనిషి "బాగున్నావా" అని నోరు తెరిచేలోపే, "ఏం బాగు, ఈ మోకాలుండగా" అని జవాబు ముందే వచ్చేసేది. అమెరికాలోని ఆ ఎర్ర లోయ చుట్టుపక్కల నవహో తెగవాళ్ల ఊళ్లలో "మోకాలెలా ఉంది" అని ఎవరైనా అడిగితే ఎవరి మోకాలని ఎవరూ తిరిగి అడిగేవారు కాదు. మోకాలంటే హోస్కీదే. మిగతావాళ్లకున్నవి కాళ్లు వంగడానికి దేవుడిచ్చిన కీళ్లు మాత్రమే.

ఏ మోకాలన్నది మాత్రం ఖాయంగా ఉండేది కాదు. గుర్రాలకు లాడాలు కొట్టే కీ బిట్సుయ్ ఆయనకు మేనత్త కొడుకు. బావలు కలిసినప్పుడు ఒకరినొకరు ఏడిపించుకోకపోతే ఏదో గొడవైందని జనం అనుమానపడే చోటు అది. అందుకని కీ రోజూ గుర్రాల దొడ్డి గేటు దగ్గరే కాపు కాసేవాడు.

"ఇవాళ ఏ కాలు బావా?"

"కుడిది."

"నిన్న ఎడమది కదా."

"నిన్నంతా అదే కష్టపడింది. ఇవాళ దానికి సెలవిచ్చాను."

ఆ మాట అంటూనే ఎడమ కాలితో కుంటుతూ వెళ్లిపోయేవాడు. కీ లాడం పక్కన పడేసి మరీ నవ్వేవాడు.

ఒకసారి మేనకోడలు డెల్ఫీన్ ఆయన్ని బలవంతంగా ట్రక్కెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ రెండు మోకాళ్లకీ ఫోటోలు తీసి, దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్దాయనా, మీ మోకాళ్లలో ఏ లోపమూ లేదు. ఇరవయ్యేళ్ల కుర్రాడి మోకాళ్లలా ఉన్నాయి."

"మరదేనమ్మా నేను చెప్పేది," అన్నాడు హోస్కీ. "ముసలి ఒంటికి కుర్ర మోకాళ్లు తగిలిస్తే నొప్పి పుట్టదా?"

డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించి రెండు మాత్రలు రాసింది. అవి ఎవరికోసం రాసిందో డెల్ఫీన్‌కి అర్థం కాలేదు.

మోకాలు ఊరికి చేసిన ఉపకారాలు కూడా ఉన్నాయి. ఒక శీతాకాలం ఊరి చావడిలో సమావేశం జరిగింది. రోడ్డుకు కంకర వేయించే విషయం మాట్లాడతానని లేచిన పెద్దమనిషి, తన తాత చిన్నప్పటి నుంచి మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాటింది. పొయ్యి మీద మటన్ పులుసు అడుగంటే వాసన వస్తోంది. మాట్లాడే పెద్దమనిషి మాత్రం ఇంకా తాత పెళ్లి దగ్గరే ఉన్నాడు. అప్పుడు వెనక బల్ల మీద నుంచి "అబ్బా" అని వినిపించింది.

"ఏమైంది హోస్కీ?"

"పట్టేసింది. ఇద్దరు సాయం పట్టి వంటింటి దాకా నడిపిస్తే చాలు."

సాయానికి చావడి మొత్తం లేచింది. ఆ తాత పెళ్లి ఎలా జరిగిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

హోస్కీ ఎక్కే గుర్రం పేరు డీజిల్. పొద్దున్నే స్టార్టవడానికి చాలాసేపు పడుతుందని కీ పెట్టిన పేరు. ఏళ్ల తరబడి హోస్కీతో తిరిగి తిరిగి ఆ గుర్రానికి ఒక్క మాట పూర్తిగా వచ్చేసింది. "మోకాలు" అని వినపడగానే టక్కున ఆగిపోయేది. దాని వెనక గుర్రాలు వరసగా ఆగిపోయేవి. ఒకసారి పగ్గాలు లాగి, కేకలు పెట్టి, ఎంత గోల చేసినా ఆగని పొగరుబోతు గుర్రమొకటి దొడ్డిలోకి వచ్చింది. దాన్ని నెల రోజులు డీజిల్ వెనకాల నడిపించారు. ఆ తర్వాత దానికి కళ్లెం కూడా అవసరం లేకపోయింది.

గుర్రాలన్నీ హోస్కీ అక్క ఆల్టావి. ఆమె ఒంట్లో ఓపిక తగ్గాక అవి కూతురు డెల్ఫీన్ చేతికి వచ్చాయి. లోయ చూడ్డానికి వచ్చినవాళ్లను గుర్రాలెక్కించి, పైగట్టు నుంచి కిందికి దింపి, ఇసుక వాగు వెంబడి ఎర్ర గోడల కింద, పసుపు చారల గోడల కింద, పైనుంచి నల్లటి సిరా ఒలికినట్టుండే గోడల కింద తిప్పి, మధ్యాహ్నానికల్లా మళ్లీ పైకి తేవాలి. దొడ్డి ముందు బోర్డు మీద "సగం రోజు సవారీ" అని తాటికాయంత అక్షరాలతో రాసి ఉండేది.

ఏ సవారీ అయినా సగం రోజులో తిరిగొచ్చిందంటే ఆ రోజు హోస్కీ ముందు నడవలేదన్నమాట. ఎర్ర గోడ మలుపులో మోకాలు. కాటన్‌వుడ్ చెట్ల గుంపు దగ్గర మోకాలు. పైకెక్కే దారి మొదట్లో మోకాలు. ఆగడమంటే ఊరికే ఆగడం కాదు. దిగాలి, నీడలో కూర్చోవాలి, కాలు చాపుకోవాలి, మోకాలిని నాలుగు తిట్లు తిట్టాలి, ఆ తర్వాత గాని బయల్దేరకూడదు.

చివరికి ఆ వేసవిలో పట్నం హోటలు నుంచి మేనేజరమ్మ ఫోన్ చేసింది.

"డెల్ఫీన్, మా వాళ్లకు మళ్లీ మధ్యాహ్నం బస్సు తప్పిపోయింది. అడిగితే ఒక్కటే మాట చెబుతున్నారు."

"మోకాలా?"

"మోకాలే. ఇంకొక్కసారి ఇలా జరిగితే మా అతిథుల్ని వేరే దొడ్డికి పంపాల్సి వస్తుంది. ఏమనుకోకు."

ఆ హోటలు పంపే జనం లేకపోతే చలికాలం గుర్రాలకు గడ్డి ఉండదు. డెల్ఫీన్ ఆ రాత్రంతా తనలో తను వాదించుకుంది. మేనమామ మేనకోడలికి బుద్ధి చెప్పడం ఉంది గాని, మేనకోడలు మేనమామను ఇంట్లో కూర్చోమనడం ఎక్కడా లేదు. పైగా తనను మొదట గుర్రం ఎక్కించిన చేతులు ఆయనవే. అయినా తప్పదనుకుంది. పొద్దున్నే అమ్మ దగ్గరికి వెళ్లింది.

ఆల్టా మగ్గం ముందు కూర్చుని కంబళి నేస్తోంది. కూతురు చెప్పిందంతా విని, దారం తెంపకుండానే అడిగింది.

"అయితే మామను మాన్పించేస్తావా?"

"దొడ్డి చూసుకోమంటాను. గుర్రాలకు మేత వేస్తాడు. మోకాలికి విశ్రాంతి కూడా."

"సరే. కానీ చెప్పే ముందు ఒక్కసారి వాడి సవారీలో చిట్టచివరి గుర్రం మీద వెళ్లిరా."

"ఎందుకు?"

"ఎప్పుడూ ముందు నిలబడి వాడి మాటలు వింటావు. ఒకసారి వెనక నుంచి చూడు."

ఆల్టా మళ్లీ మగ్గం వైపు తిరిగి నేత అందుకుంది.

మర్నాడు సవారీకి హోటలు నుంచి నార్బర్ట్ క్లెమ్ అనే పెద్దాయన వచ్చాడు. కాన్సాస్‌లో గోధుమ పండించే రైతు. డెబ్బై దాటి ఉంటాయి. వెంట ఇద్దరు అల్లుళ్లు, పొడుగ్గా, మర్యాదగా, మామగారు ఏం చెప్పినా తలూపుతూ. వాళ్లు అంతగా తలూపబట్టే కాబోలు, ఆయన ఆపకుండా చెబుతున్నాడు.

"నేను నడక నేర్వకముందే గుర్రమెక్కాను తెలుసా. మా నాన్న నన్ను జీనులోనే పెంచాడు. మీ కాలం వాళ్లకేం తెలుసు, కార్లలో పుట్టారు."

అల్లుళ్లు తలూపారు. నార్బర్ట్‌కి పొటాటో అనే గుండ్రటి ఆడగుర్రాన్నిచ్చారు. మొదటి ప్రయత్నంలో కాలు జీను దాటలేదు. రెండోసారి దాటింది గాని, దాటేటప్పుడు పెద్దాయన పెదవి కొరుక్కున్నాడు. పాదం పెట్టే రికాబు పొడవు సరిచేస్తున్న హోస్కీ తలెత్తలేదు.

"మీరంతా ఏమనుకోవద్దు," అన్నాడు పట్టీ బిగిస్తూ. "నా మోకాలు మంచిది కాదు. దారిలో అక్కడక్కడా ఆగాలి."

"మోకాలు మంచిది కాకపోతే ఇంటి పట్టున కూర్చోవాలయ్యా," అన్నాడు నార్బర్ట్. అల్లుళ్లు ఈసారి తలూపడానికి కొంచెం సందేహించారు.

చివరి గుర్రం మీద కూర్చున్న డెల్ఫీన్‌కి ఆ మాట చురుక్కుమంది. తను సాయంత్రం చెప్పబోయే మాట కూడా అదే కదా అని గుర్తొచ్చి ఇంకా చురుక్కుమంది.

కిందికి దిగారు. మొదట డీజిల్, తర్వాత అల్లుళ్లిద్దరూ, తర్వాత పొటాటో, చివర డెల్ఫీన్. కాసేపటికే ఎర్ర గోడ మలుపులో మోకాలు వచ్చింది. గుర్రాలు వరసగా ఆగాయి. ఇంకోసారి కాటన్‌వుడ్ చెట్ల దగ్గర ఆగాయి. నార్బర్ట్ ప్రతిసారీ గట్టిగా గొణిగేవాడు.

"ఇలా ఆగుతూ పోతే క్రిస్మస్‌కి చేరతాం."

"పాపిష్టి మోకాలు," అన్నాడు హోస్కీ దాన్ని చరుస్తూ. "పెద్దాయన పరుగులు తీయాలనుకుంటుంటే ఇది సాగనివ్వదు. కూర్చోండి, నీళ్లు తాగండి. నేను దీన్ని కాసేపు తిడతాను."

డెల్ఫీన్ ముందెప్పుడూ గమనించని సంగతి ఒకటి అప్పుడు కంటపడింది. మామ మోకాలు నొప్పి పుట్టిన చోటల్లా నీడ ఉంది. నీడ పక్కనే నడుమెత్తు బండ ఉంది. ఆ బండ మీద కాలు పెట్టి ఎవరైనా తేలిగ్గా దిగొచ్చు, తేలిగ్గా ఎక్కొచ్చు. నార్బర్ట్ అలాగే దిగాడు. అల్లుళ్లు అటు తిరిగి గోడకేసి చూస్తుండగా, తుంటి మీద పిడికిలితో గట్టిగా నొక్కుకున్నాడు.

మళ్లీ బయల్దేరారు. ఈసారి డెల్ఫీన్ పెద్దాయన వీపునే చూస్తూ నడిచింది. కొంచెం దూరం పోయాక ఆయన కుడి పాదం రికాబులోంచి జారింది. చేతులు జీను ముందుండే కొమ్మును పట్టుకున్నాయి. మెడ మీద చెమట. గొణుగుడు మాత్రం ఆగిపోయింది. అంతవరకూ గోడల మీది చారల గురించి ఏదో కబుర్లు చెబుతున్న హోస్కీ, వెనక గొణుగుడు వినపడకపోయేసరికి, టోపీ అంచు కింద నుంచి ఒక్కసారి చూశాడు.

"అబ్బా," అన్నాడు. "మోకాలు."

డెల్ఫీన్ కళ్లెం బిగించి గుర్రాన్ని ఆపింది. ఎన్నేళ్లుగా వింటున్న మాట అది. ఇన్నేళ్లూ అది ఎవరి నొప్పి అని తను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆలోచించడానికి ఎక్కువ సమయం దొరకలేదు. నీడలో నుంచి లేచి కొంత దూరం నడిచాక డీజిల్ తనంతట తను ఆగింది. ఎవరూ ఏ మాటా అనలేదు. చెవులు ముందుకు నిక్కబొడుచుకుని వాగు పైవైపు చూస్తోంది. లోయ మీద ఆకాశం నీలంగానే ఉంది. కానీ తడి మట్టి వాసన వస్తోంది. దూరంగా ఎవరో బండలు దొర్లిస్తున్నట్టు చప్పుడు.

హోస్కీ గొంతు మారిపోయింది.

"పైన కొండల్లో వాన పడింది. వాగు వస్తోంది. అందరూ ఆ గట్టెక్కండి. అల్లుళ్లు ముందు. దిగి, గుర్రాల్ని పట్టుకుని నడిపించండి. ఆగి వెనక్కి చూడొద్దు."

గట్టెక్కే దారి బండలో తొలిచిన మెట్ల దారి. అల్లుళ్లు గుర్రాలతో సహా మలుపు తిరిగి పైకి పోయారు. హోస్కీ డీజిల్ మీంచి దూకాడు. అంతకుముందు ఆయన దూకగా డెల్ఫీన్ ఎప్పుడూ చూడలేదు.

"పెద్దాయనా, దిగండి."

నార్బర్ట్ కదల్లేదు.

"దిగండి. గుర్రం మీద ఎక్కే దారి కాదిది."

"దిగలేను," అన్నాడు నార్బర్ట్ చాలా చిన్న గొంతుతో. "తుంటి పట్టేసింది. కాలు నా మాట వినడం లేదు. వాళ్లకు చెప్పకు."

హోస్కీ ఇంకేమీ అడగలేదు. ఆయన నడుం చుట్టూ చేతులు వేసి జీనులోంచి లాగి, వెనక్కి తిరిగి వీపు మీద వేసుకున్నాడు. గొర్రెల్ని వాగు దాటించేటప్పుడు బరువు పొట్టేలును భుజానికెత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఆ మెట్ల మీద పరిగెత్తాడు. ఒక మెట్టు వదిలి ఒక మెట్టు ఎక్కుతూ, ఎడమా లేదు కుడీ లేదు, డాక్టరమ్మ చెప్పిన ఇరవయ్యేళ్ల మోకాళ్లతో పరిగెత్తాడు. డెల్ఫీన్ తన గుర్రాన్నీ డీజిల్‌నీ పొటాటోనీ పట్టుకుని, అరుస్తూ, లాగుతూ, వెనకే ఎక్కింది. పొటాటో బతుకులో మొదటిసారి తొందరపడింది.

వాళ్లు గట్టు మీదికి వచ్చిన కాసేపటికి వాగు వచ్చింది. ఎర్రటి నీళ్లు, ముందు నురగ, నురగ మీద చెట్ల కొమ్మలు, ఎవరిదో ట్రక్కు టైరు. ఇందాక పొటాటో నిలబడ్డ చోటు మీంచి అన్నీ దొర్లుకుంటూ పోయాయి.

నార్బర్ట్ బండ మీద కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. హోస్కీ ఆయన పక్కన నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నాడు. పైమలుపు నుంచి అల్లుళ్లు పరిగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వినగానే హోస్కీ ధబీమని కింద కూలబడ్డాడు. రెండు చేతులతో ఎడమ మోకాలు పట్టుకున్నాడు.

"ఏమైంది, ఏమైంది?" అన్నారు అల్లుళ్లు. "మామయ్యా, బాగున్నారా?"

"ఆయనకేం, రాయిలా ఉన్నాడు," అన్నాడు హోస్కీ మూలుగుతూ. "అయ్యిందంతా నాకే. సరిగ్గా ఆ మెట్ల దగ్గర నా మోకాలు పట్టేసింది. మీ మామగారు గుర్రం దిగి, నన్ను పట్టుకుని పైకి లాక్కొచ్చాడు. ఆయన లేకపోతే ఈపాటికి ఆ టైరు వెనకాల పోతుండేవాణ్ణి."

అల్లుళ్లిద్దరూ మామగారి వైపు చూశారు. ఈసారి తలూపడం మర్చిపోయారు. నార్బర్ట్ నోరు తెరిచాడు, హోస్కీ వైపు చూశాడు, డెల్ఫీన్ వైపు చూశాడు, మూశాడు.

"మరీ ఎక్కువ చెబుతున్నాడు," అన్నాడు చివరికి. "ఏదో కొంచెం ఆసరా ఇచ్చానంతే."

డెల్ఫీన్ పొటాటో మెడలో మొహం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో పొటాటోకి కూడా తెలియలేదు.

వాగు తగ్గేదాకా ఆ గట్టు మీదే కూర్చున్నారు. చల్లారిన వేపుడు రొట్టె, మాంసం ముక్కలు పంచుకున్నారు. నార్బర్ట్ తన రొట్టెలో పెద్ద ముక్క తుంచి ఏమీ అనకుండా హోస్కీ చేతిలో పెట్టాడు. పొద్దు వాలాక దొడ్డికి చేరారు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. అల్లుళ్లు అద్దె కారు మాట్లాడి తెస్తుండగా పెద్దాయన డెల్ఫీన్‌ని పక్కకు పిలిచి, చొక్కా లోపలి జేబులోంచి నొప్పుల మందు గొట్టం ఒకటి తీసిచ్చాడు. సగం వాడేసి ఉంది.

"ఇది మీ మామకివ్వు. నాకెలాగూ అవసరం పడదు." కాస్త ఆగి, "మంచి మోకాలు అది. జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు.

డెల్ఫీన్ ఆ గొట్టంతోనే అమ్మ ఇంటికి వెళ్లింది. ఆల్టా గుమ్మం ముందు కూర్చుని గొర్రెలు దొడ్లోకి వెళ్లడం చూస్తోంది.

"నీకు ముందే తెలుసా?" అంది డెల్ఫీన్.

"నేను ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడాది మొదలైంది ఆ నొప్పి," అంది ఆల్టా. "గొర్రెల్ని పైకి తోలుకెళ్లాలి. నాకు నాలుగడుగులకు ఊపిరందేది కాదు. ఇంటికి పెద్దదాన్ని, తమ్ముణ్ణి ఆగరా అని ఎలా అడుగుతాను? వీడే దారిలో కూలబడ్డాడు. అక్కా మోకాలు అన్నాడు. బద్ధకస్తుడా అని తిట్టాను. కూర్చుని, ఊపిరందేదాకా తిట్టాను."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"రెండో వారానికి కాలు మారింది కదా."

"అడగలేదా?"

"అడిగితే ఆగడం మానేస్తాడు. నాకింకా ఊపిరి కావాలి." ఆల్టా నవ్వింది. "నువ్వూ అడక్కు. తెలిసిపోయిందని తెలిస్తే పాపం వాడికి నిజంగానే నొప్పి పుడుతుంది."

డెల్ఫీన్ అడగలేదు. మర్నాడు పొద్దున్నే రంగు డబ్బా తెచ్చి బోర్డు మీద "సగం రోజు" అన్నది చెరిపి "రోజంతా సవారీ, భోజనంతో" అని రాసింది. హోటలు మేనేజరమ్మకు ఫోన్ చేసి సాయంత్రం బస్సుకే జనాన్ని ఎక్కించమంది. "ఆ మాట మొదటే చెప్పొచ్చుగా," అంది ఆవిడ. ముందు అనుకున్న మాట మామతో అనే అవసరమే రాలేదు. మందు గొట్టం చూసి కీ మాత్రం, "ఇంతకీ ఏ కాలికి రాస్తావు బావా," అని అడిగాడు. హోస్కీ ఆలోచించి, "వంతులవారీగా," అన్నాడు.

మరుసటి వసంతంలో సైకిల్ పందాల్లో తిరిగే కుర్రాళ్ల గుంపొకటి సవారీకి వచ్చింది. ఉక్కు ముక్కల్లాంటి మనుషులు. ఎండ వాళ్లకు లెక్కలేదు, జీను లెక్కలేదు. ఎర్ర గోడ మలుపు దాటింది, చెట్ల గుంపు దాటింది, "మోకాలు" అన్న మాట వినపడలేదు. చివరి గుర్రం మీదే రావడం అలవాటు చేసుకున్న డెల్ఫీన్ ముందుకు చూసింది. మామ భుజాలు వంగిపోయి ఉన్నాయి. ఒక చేత్తో జీను కొమ్ము పట్టుకున్నాడు. చాలాసేపట్నుంచి కబుర్లు కూడా లేవు. వాళ్లలో ఎవరికీ అలసట లేదు కాబట్టి ఆయన మోకాలికి నొప్పి పుట్టే వీల్లేకుండా పోయింది.

"మామా, ఆగు," అని అరిచింది డెల్ఫీన్. "నా భుజం పట్టేసింది."

హోస్కీ వెనక్కి తిరిగి చూశాడు. డీజిల్‌ని ఆపి మెల్లగా, చాలా మెల్లగా దిగాడు. నీడలో కూర్చుని, గోడకు వీపు ఆనించి, నీళ్లు తాగి, కళ్లు మూసుకున్నాడు. డెల్ఫీన్ భుజం పట్టుకుని కుంటుతూ వచ్చి ఆయన పక్కనే కూర్చుని, గట్టిగా మూలిగింది. కుర్రాళ్లు జాలిగా చూసి, గోడల మీది చారలు చూడ్డానికి అటు పోయారు.

కాసేపటికి హోస్కీ ఊపిరి కుదుటపడింది.

"ఏ భుజం?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"కుడిది."

"బాగా నొప్పిగా ఉందా?"

"ప్రాణం పోతోంది."

హోస్కీ టోపీ మొహం మీదికి లాక్కుని ఇంకొంచెం కిందికి జారి పడుకున్నాడు. టోపీ లోపల నుంచి గొంతు నెమ్మదిగా వచ్చింది.

"భుజం నొప్పికి ఎవరూ కుంటరమ్మా."